నెమలి డ్రమ్ముకు ఇంకా పది రోజులు

తిరువూరులో చెత్త బండి ఆగకుండా దాటిపోయే ఇల్లు ఒకే ఒక్కటి ఉంది. అది శౌరయ్య ఇల్లు. ఏడాది పొడుగునా ఆ ఇంట్లో పుట్టే చెత్తంతా ఒక అగ్గిపెట్టెలో సర్ది, ఇంకా నాలుగు పుల్లలకు చోటు మిగల్చవచ్చు. ఇది శౌరయ్య అన్న మాట కాదు. ఆయన అన్నది ఇంతకన్నా ఎక్కువే. వినేవాళ్ళు నమ్మాలి గనక కాస్త తగ్గించి చెప్పడమైంది.

శౌరయ్య ఆర్టీసీలో ముప్పై మూడేళ్ళు కండక్టరుగా చేసి రిటైరయ్యాడు. చర్చిలో ఇరవై రెండేళ్ళుగా సంఘ పెద్ద. కానుకల పళ్ళెం పట్టుకుని వరసల మధ్య నడుస్తూ ఉంటే, చిల్లర లేదన్నవాణ్ణి దింపేస్తాడేమోనన్నంత దర్జాగా ఉంటాడు. ఆ శుక్రవారం ఉదయం ఆయన వేసుకున్న పథకం మాత్రం చాలా చిన్నది. కాఫీ తాగాలి. పెరట్లో మొదటి డ్రమ్ము మూత తీసి వడగట్టాలి. టిఫిను వేళకు ఇస్త్రీ చొక్కా తొడుక్కుని గుమ్మంలో నిలబడాలి. నిలబడడం దేనికంటే, ఆ వారంలో ఏ క్షణాన్నైనా జడ్జీలు రావచ్చు.

జడ్జీల సంగతి ఇదీ. నాలుగు నెలల క్రితం పాస్టరు గారు ఒక ప్రకటన చేశారు. ఈసారి కోతల పండుగలో గుమ్మడికాయలూ కోళ్ళూ వేలం వేయడంతో సరిపెట్టకుండా, దేవుడిచ్చిన నేలనూ నీటినీ పాడుచేయకుండా బతికే కుటుంబానికి ఒక షీల్డు ఇస్తామన్నారు. ఎవరికీ పక్షపాతం అంటకుండా జడ్జీలు బయటి ఊరి నుంచి వస్తారనీ, చెప్పకుండా వస్తారనీ అన్నారు. ఆయన అన్నది అంతవరకే. వాళ్ళు జీపులో వస్తారన్నది శౌరయ్య సొంతంగా చేర్చుకున్నాడు. షీల్డు ఇచ్చేంత పెద్దవాళ్ళు మరెందులో వస్తారు?

ఆ ప్రకటన విన్న మధ్యాహ్నమే ఆయన షీల్డు తగిలించడానికి హాల్లో గోడకు ఒక మేకు కొట్టి, చర్చి ఆవరణలో అందరూ వినేలా ఆ విషయం ప్రకటించాడు. ముఖ్యంగా జోజప్ప వినాలి. జోజప్ప కూడా సంఘ పెద్దే. పక్క వీధి. వరసకు బావ. గత పదేళ్ళుగా కోతల పండుగ వేలంలో అన్నిటికన్నా పెద్ద గుమ్మడికాయ అతనే పాడుకుని, దాన్ని భుజాన పెట్టుకుని శౌరయ్య ఇంటి ముందు నుంచే నడిచి వెళ్తున్నాడు. అతని ఇంటికి అది దగ్గరి దారి కాదు.

షీల్డుకోసం శౌరయ్య సెల్లులో ఒక వీడియో పట్టుకున్నాడు. ఒక పాలు బెల్లం, మూడు పాళ్ళు పళ్ళ తొక్కలు, పది పాళ్ళు నీళ్ళు కలిపి తొంభై రోజులు ఊరబెడితే అదే ఎంజైము. దాంతో నేల తుడవచ్చు, గిన్నెలు తోమవచ్చు, పాచి పట్టిన బాత్రూములు కడగవచ్చు. కొనుక్కొచ్చే సీసాలతో పనే లేదు. బస్టాండులో జ్యూసు బండి వాడి దగ్గర బత్తాయి తొక్కలు సాయంత్రానికి గోనెడు పోగవుతాయి. వాడు దండం పెట్టి ఇచ్చాడు. ఇక బెల్లం. నల్లబెల్లం చవక అని ఏకంగా బస్తాకు ఆర్డరిచ్చాడు.

ఈ చుట్టుపక్కల నల్లబెల్లం బస్తాల లెక్కన ఎవరు కొంటారో, దాన్ని ఊరబెట్టి ఏం కాస్తారో చిన్నపిల్లలకు కూడా తెలుసు. బెల్లం కొట్టు వాడు ఎగాదిగా చూశాడు. శౌరయ్య అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించి, "ఈ సంగతి బయటికి పొక్కనీకు" అన్నాడు. జోజప్పకు తెలిస్తే వాడూ మొదలుపెడతాడని ఆయన భయం. కొట్టు వాడికి మాత్రం శౌరయ్య గురించి ముప్పై మూడేళ్ళుగా ఉన్న మంచి అభిప్రాయం ఆ గుసగుసతో పోయింది.

నాలుగు డ్రమ్ములు తెచ్చి, ఎండ తగలకుండా తెల్లవారుజామున పెరట్లో మెడలదాకా పాతాడు. ఏది ముందు కలిపిందో గుర్తుండాలని వాటి మూతల మీద తను తిరిగిన ఊళ్ళ పేర్లు రాశాడు. మొదటిది విస్సన్నపేట. తర్వాత పెనుగొలను, గంపలగూడెం, నెమలి. రోజూ పొద్దున్నే వెళ్ళి మూతలు వదులు చేస్తే డ్రమ్ములు బస్సు బ్రేకు వేసినట్టు బుస్సుమనేవి. ఆ వాసన గోడ దాటి వీధి మలుపు దాకా పోయేది. సాయంత్రం పూట ఆ మలుపులో కొందరు మగవాళ్ళు పనేమీ లేకుండానే నిలబడడం మొదలుపెట్టారు.

డ్రమ్ములకన్నా ముందే ఒక చిన్న డబ్బాలో ఊరబెట్టిన ఎంజైమును ఈమధ్యే వీధిలో పదకొండు ఇళ్ళకు పంచాడు. జోజప్ప భార్య కంటపడకుండా కొంగు కింద పెట్టుకుని పొమ్మన్నాడు. పక్కింటి పిచ్చమ్మతో సహా పదకొండు మంది ఆడవాళ్ళు కొంగు కింద సీసాతో గోడవారగా నడవడం వీధంతా చూసింది. ఎవరూ ఏమీ అడగలేదు. ఎవరికి తోచింది వాళ్ళు అనుకున్నారు.

ఇదంతా ఒక ఎత్తు, మొన్నటి ఆదివారం ఒక ఎత్తు. చర్చి నేల తుడవడానికి ఇద్దామని ఇంకా పూర్తిగా ఊరని నీళ్ళు ఒక సీసాలో పట్టి, మూత గట్టిగా బిగించి, గుడ్డ సంచిలో వేసుకుని వెళ్ళాడు. పాస్టరు గారు మద్యపానం వల్ల కుటుంబాలకు కలిగే కీడు గురించి చెబుతుండగా సంచిలో సీసా ఢామ్మని పేలింది. మూత ఎగిరి ఫ్యానుకు తగిలి జోజప్ప ఒళ్ళో పడింది. నురగ బెంచీ కిందుగా పారింది. పులిసిన బెల్లపు వాసన మూడు వరసలు కమ్మింది. వెనక బెంచీలో ఎవరో తృప్తిగా ఊపిరి పీల్చారు.

ప్రార్థన అయ్యాక పాస్టరు గారు పక్కకు పిలిచి అదేమిటని అడిగారు. పోటీ తేలేదాకా చెప్పనని శౌరయ్య ఒట్టు పెట్టుకున్నాడు. అందుకని, వచ్చే ఆదివారం మీరే సంతోషిస్తారండీ అన్నాడు. పాస్టరు గారు సంతోషించలేదు. వచ్చే ఆదివారంలోపు విషయం తేలకపోతే పెద్దరికం వదులుకోవలసి వస్తుందని నెమ్మదిగా చెప్పారు. అంటే ఆ శుక్రవారం ఉదయం నాటికి శౌరయ్య దగ్గర మిగిలినవి గోడకు ఒక మేకూ, నేలలో నాలుగు డ్రమ్ములూ, ఇరవై రెండేళ్ళ పెద్దరికానికి రెండు రోజుల గడువూ.

ఎనిమిదింటికి ఆయన ఇస్త్రీ చొక్కాతో గుమ్మంలో నిలబడి ఉండగా, సందులోంచి ఒకావిడ నడిచి వచ్చింది. నలభై ఏళ్ళుంటాయి. భుజాన గుడ్డ సంచి, చేతిలో స్టీలు సీసా, కాళ్ళకు దుమ్ము. నమస్కారం పెట్టి, కాసిని మంచినీళ్ళు పట్టుకోవచ్చా అని అడిగింది.

"లోపల మా ఆవిడుంటుంది, అడుగమ్మా. అట్లా పెరటి వైపు నుంచి వెళ్ళు. నాకు పెద్దవాళ్ళొచ్చే టైమైంది" అన్నాడు శౌరయ్య, ఆవిడ వంక సరిగా చూడనైనా చూడకుండా.

ఆవిడ వంటింటి వైపు వెళ్ళింది. అయిదు నిమిషాల్లో జీపు వచ్చింది.

జీపులోంచి ఇద్దరు దిగారు. ముందు దిగినాయన అంకారావు, ఎక్సైజు ఎస్సై. మామూలు చొక్కా, ప్యాంటు వేసుకున్నాడు. వెనక ఒక కానిస్టేబులు, చేతిలో నోటు పుస్తకం. బెల్లం కొట్టు కబురూ, చర్చిలో పేలిన సీసా కబురూ కలిసి ఎక్కడెక్కడో తిరిగి ఆయన చెవిన పడ్డాయి. శౌరయ్య కళ్ళకు జీపు తప్ప మరేమీ కనిపించలేదు.

"శౌరయ్య అంటే మీరేనా?"

"నేనే సార్. రండి రండి. మూడు రోజుల్నుంచి మీకోసమే ఎదురు చూస్తున్నాను."

ఎస్సై సర్వీసులో ఈ మాట ఎవరూ అనలేదు. "మేమొస్తామని తెలుసా మీకు?"

"వస్తారని తెలుసు, ఏ రోజన్నదే తెలీదు. కాఫీ తాగుతారా, ముందు డ్రమ్ములు చూస్తారా?"

ముందు డ్రమ్ములే చూస్తామన్నాడు ఎస్సై. శౌరయ్య ముందు నడిచి, పెరట్లో ఒక్కొక్క మూత మీదా చెయ్యి వేసి, సీటు చూపించినట్టు చూపించాడు. నల్లబెల్లం, బత్తాయి తొక్కలు, నీళ్ళు, తొంభై రోజులు. కొందరు నెలకే తీసేస్తారనీ, అలాంటి కక్కుర్తి పని తను చచ్చినా చెయ్యననీ చెప్పాడు. కానిస్టేబులు రాసుకుంటున్నాడు.

"ఈ విస్సన్నపేట ఇవాళ దిగుతుంది సార్. పెనుగొలను సోమవారం. గంపలగూడెం గురువారం. నెమలికి మాత్రం ఇంకా పది రోజులు."

"గుడి ఉన్న ఊరిక్కూడానా?" అన్నాడు ఎస్సై, అవి సరుకు దిగే ఊళ్ళనుకుని, తనలో తను అనుకుంటున్నట్టు. "ఈ వీధిలో ఎంతమంది తీసుకుంటున్నారు?"

"పదకొండు ఇళ్ళు. అంతా ఆడవాళ్ళే సార్. మగాళ్ళకి దీని విలువ తెలీదు."

"డబ్బులు ఎట్లా తీసుకుంటారు?"

"డబ్బులా? ఊరికే ఇస్తాను సార్. ముందు అలవాటు పడాలి గదా. ఒక్కసారి అలవాటైందంటే ఇక వాళ్ళే వదలరు." శౌరయ్యకు ఉత్సాహం వచ్చింది. "నన్నడిగితే స్కూళ్ళలో పెట్టించాలండి. పిల్లలకి చిన్నప్పుడే నేర్పితే పెద్దయ్యాక ఎవరూ చెప్పక్కర్లేదు."

కానిస్టేబులు రాయడం మానేసి ఎస్సై ముఖం చూశాడు. ఎస్సై చర్చి వాళ్ళకు ఈ సంగతి తెలుసా అని అడిగాడు. మొన్న చర్చికే పట్టుకెళ్ళాననీ, ప్రసంగం మధ్యలో పేలిందనీ శౌరయ్య గర్వంగా చెప్పాడు.

"పెద్దాయనా, నా సర్వీసులో ఇంత నిజాయితీగా ఒప్పుకున్నవాణ్ణి చూడలేదు."

"మరి షీల్డు మాకే కదండీ?"

"ఆ సంగతి కోర్టు చూసుకుంటుంది."

"దీనికి కోర్టెందుకు సార్, మా పాస్టరు గారు చాలు" అన్నాడు శౌరయ్య. అప్పుడు ఎస్సై జేబులోంచి కార్డు తీసి చూపించాడు. శౌరయ్య దాన్ని చేతిలోకి తీసుకుని, పాసు చూసినట్టు అటూ ఇటూ తిప్పి, చదివి, మళ్ళీ చదివి, పక్కనున్న నెమలి డ్రమ్ము మీద కూలబడ్డాడు.

ఇక ఆయన చెప్పిందేదీ చెల్లలేదు. ఇది నేల తుడిచే నీళ్ళు సార్ అంటే, దొరికిన ప్రతివాడూ ఏదో ఒకటి తుడిచేదేనంటాడు అన్నాడు ఎస్సై. పైగా సాక్ష్యం కూడా ఉందన్నాడు. దారి అడగడానికి పక్క వీధిలో జీపు ఆపితే, జోజప్ప అనే ఆయన బెల్లం సంగతీ డ్రమ్ముల సంగతీ అన్నీ పూసగుచ్చినట్టు చెప్పాడట.

సరిగ్గా అప్పుడే జోజప్ప సైకిలు మీద ఆయాసపడుతూ వచ్చి దిగాడు. అతనూ జీపు చూసి జడ్జీలే అనుకున్నాడు. అతనికి డ్రమ్ముల సంగతి మొదటి వారం నుంచీ తెలుసు. ఆ వాసనకు ముక్కున్నవాళ్ళెవరికైనా తెలుస్తుంది. తనకు ఈసారి గెలిచే ఆశ లేదని తెలిసి, మనసు పెద్దది చేసుకుని, శౌరయ్య గురించి జీవితంలో మొదటిసారి నాలుగు మంచి ముక్కలు చెప్పాడు.

"బావా, నీ గురించి చాలా గొప్పగా చెప్పానురా. షీల్డు వచ్చిందా?"

"వచ్చింది. ఖాకీ రంగులో వచ్చింది" అన్నాడు శౌరయ్య.

పద్ధతి ప్రకారం సారా కాచే ఊట దొరికితే ఒక సీసాలో నమూనా పట్టి, మిగతాది పారబోయాలి. ఎస్సై, కానిస్టేబులు కలిసి నాలుగు డ్రమ్ములూ పీకి, ఒక్కొక్కటే దొర్లించుకుపోయి ఇంటి ముందు కాలువలో వంచారు. తొంభై రోజుల విస్సన్నపేట గుడగుడమంటూ పోయింది. పెనుగొలను, గంపలగూడెం దాని వెనకే పోయాయి. పది రోజుల్లో దిగవలసిన నెమలి మధ్య దారిలోనే దిగిపోయింది. శౌరయ్య అరుగు మీద కూర్చుని, తుదిశ్వాస చూస్తున్నవాడిలా చూశాడు. షీల్డు పోయిందన్నది ఆయన బాధ కాదు. ఆదివారం కానుకల పళ్ళెం జోజప్ప చేతిలో ఉంటుందన్నదే బాధ.

కాచే సామాను ఎక్కడుందో చూద్దామని ఎస్సై పెరట్లో ఉన్న రేకుల షెడ్డు తలుపు లాగాడు. తలుపు తీసిన పాపానికి మోకాలి లోతు సామాను ఆయన మీదికి జారింది. కడిగి మడిచిన పాల కవర్లు గోనెలకు గోనెలు. మూతలు లేని సీసాలు, సీసాలు లేని మూతలు. కాలు పోయిన కుర్చీలు మూడు. ఎప్పటివో బస్సు టికెట్ల చుట్టలు. అగ్గిపెట్టె మాట ఇక్కడితో వదిలేయడం మంచిది.

"ఏంటిదంతా?" అన్నాడు ఎస్సై, కవర్లలోంచి పైకి లేస్తూ.

వంటింటి గుమ్మంలోంచి శౌరయ్య భార్య హన్నమ్మ తాపీగా సమాధానం చెప్పింది. "మా ఇంట్లో చెత్త లేదు గదండీ. అదే ఇది."

ఆవిడ వెనకే మంచినీళ్ళ కోసం వచ్చిన ఆవిడ బయటికి వచ్చింది. పేరు సుప్రజ. విజయవాడ నుంచి పొద్దుటి బస్సులో వచ్చి, షేర్ ఆటో ఎక్కి, చివరి ఫర్లాంగు నడిచింది. షీల్డు జడ్జీ ఆవిడే. పొదుపుగా బతికేవాళ్ళను ఎంచడానికి జీపు వేసుకుని రావడం బాగుండదని ఆవిడ ఉద్దేశం. డ్రమ్ముల్లో ఉన్నది బయో ఎంజైమనీ, తమ ఇంట్లో కూడా చేస్తామనీ ఆవిడ ఎస్సైకి చెప్పింది. పిచ్చమ్మ గోడ మీద నుంచి తన సీసా ఎత్తి చూపించి, "ఎట్లా తాగుతారు బాబూ దీన్ని? దీంతో నా స్టవ్వు జిడ్డే వదిలింది. మీ కడుపు వదలదా?" అంది.

ఎస్సై ఇంకా తటపటాయిస్తుంటే కానిస్టేబులు నమూనా సీసాలో వేలు ముంచి నాలుక్కు రాసుకున్నాడు. వాడి ముఖం మూడు వైపులకు పోయింది. "సారా కాదు సార్ ఇది. సారా అయితే నాకు తెలీదా?"

"నీకెట్లా తెలుస్తుంది?" అన్నాడు ఎస్సై.

కానిస్టేబులు నోటు పుస్తకంలో రాసుకున్న పేజీలు చింపే పనిలో పడ్డాడు. ఎస్సై శౌరయ్య చేతులు పట్టుకుని, తప్పు జరిగిపోయిందనీ, ఎక్కడ చెప్పమంటే అక్కడికొచ్చి చెబుతాననీ అన్నాడు. శౌరయ్య వెంటనే స్థలం, వారం, వేళ చెప్పాడు.

వాళ్ళు వెళ్ళాక వీధిలో కలకలం. నాలుగు డ్రమ్ముల ఎంజైము పోసిన కాలువలో, ఏళ్ళ తరబడి కదలని జిడ్డు కదిలి ముద్దలు ముద్దలుగా కొట్టుకుపోయింది. దోమలు మూటా ముల్లే సర్దుకున్నాయి. మధ్యాహ్నానికి కాలువ అడుగున సిమెంటు తెల్లగా బయటపడి, దాని మీద మేస్త్రీ పుల్లతో గీసిన సంవత్సరం కూడా చదవడానికి వచ్చింది.

శౌరయ్యకు అవేమీ పట్టలేదు. సుప్రజ వెనకాలే తిరుగుతూ, డ్రమ్ములు పోయినా షెడ్డు ఉంది, చూడమని బతిమాలాడు. తను చూడవలసింది చూసేశానని ఆవిడ అంది. పీట మీద కూర్చుని గంటసేపు హన్నమ్మతో మాట్లాడింది. ఆ గంటలో హన్నమ్మ బియ్యం కడిగిన నీళ్ళు పిచ్చమ్మ గేదె కుడితిలో పోసింది. ఆకుకూర కడిగిన నీళ్ళు కరివేపాకు మొదట్లోకి వెళ్ళాయి. గిన్నెలకు బీరపీచు, పొయ్యి తుడవడానికి శౌరయ్య పాత యూనిఫారం ముక్క. పీట మీద పరిచిన బొంత మూడు చీరల వయసుది. ఉడికిన అన్నం గంజి వార్చి, ఉప్పు వేసి, వచ్చిన ఆవిడకే గ్లాసులో ఇచ్చింది.

ఇవన్నీ ఎప్పటి నుంచి చేస్తున్నారని అడిగితే హన్నమ్మ చుట్టూ చూసింది.

"ఏ పనులండీ? నేనేం చేశాను?"

ఆదివారం కోతల పండుగ. సంఘం పుట్టినప్పటి నుంచి ఒక ఎక్సైజు ఎస్సై మైకు ముందుకు వచ్చి ఒక సంఘ పెద్ద నడవడికకు సాక్ష్యం చెప్పడం అదే మొదటిసారి. పాస్టరు గారు కానుకల పళ్ళేన్ని తన చేతులతో తెచ్చి శౌరయ్యకు ఇచ్చారు. ఆయన ఆ పళ్ళెం పట్టుకుని జోజప్ప వరస దగ్గర అవసరమైన దానికన్నా చాలాసేపు నిలబడ్డాడు. తర్వాత షీల్డు ప్రకటించారు: "హన్నమ్మ గారి వంటిల్లు."

చప్పట్లు తగ్గాక రెండు మాటలు చెప్పమంటే హన్నమ్మ మైకును పొయ్యి ఊదే గొట్టంలా పట్టుకుంది. "మా ఆయన దేన్నీ పారెయ్యనివ్వరండి. షెడ్డులో పదకొండు గోనెలున్నాయి. దయచేసి ఎవరికి కావాలంటే వాళ్ళు తీసుకెళ్ళండి." ఆ సాయంత్రం గుమ్మడికాయలతో పాటు గోనెలు కూడా వేలంలో పెట్టారు. పిచ్చమ్మ దగ్గర మిగిలిన చివరి సీసా ఎంజైమును శౌరయ్యతో పోటీపడి జోజప్ప పాడుకున్నాడు. దాన్ని భుజాన పెట్టుకుని, దగ్గరి దారి కాకపోయినా, శౌరయ్య ఇంటి ముందు నుంచే వెళ్ళాడు. శౌరయ్య గుమ్మంలో నిలబడి చొక్కా సర్దుకున్నాడు.

"షీల్డు మా ఇంటికే వస్తుందని మేకు కొట్టినప్పుడే చెప్పానా లేదా బావా?"

షీల్డు ఇప్పుడు వంటింట్లో పప్పు డబ్బాల పక్కన ఉంది. హాల్లో మేకుకు హన్నమ్మ గుడ్డ సంచి తగిలించింది. ఆ ఇంటికి ఎవరు వచ్చినా శౌరయ్య ముందు వంటింట్లోకే తీసుకెళ్ళి, భార్య గంజి వార్చే తీరు తనే నేర్పినట్టు చూపిస్తాడు.

ఇందులో ఒక్క ముక్క మాత్రం నేను కల్పించాను. కాలువ అడుగున బయటపడింది సిమెంటు కాదు, రెండేళ్ళ కిందట జోజప్ప పోగొట్టుకున్న ఎడమ కాలి చెప్పు. శౌరయ్య దాన్ని శుభ్రంగా కడిగి, ఎందుకైనా పనికొస్తుందని షెడ్డులో పెట్టాడు.